గురుద్వారాకు వెళ్ళాలంటే: తలగుడ్డ నుంచి ఎంగిలి కంచం దాకా

బాసర వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది అమ్మవారి దర్శనం చేసుకుని, పిల్లలకు అక్షరాభ్యాసం ఉంటే అది చేయించి, వెనక్కి బండెక్కేస్తారు. అదే రైలు మార్గంలో ఇంకో గంటన్నర, రెండు గంటలు ముందుకు పోతే నాందేడ్. 1708 అక్టోబర్‌లో సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ తనువు చాలించిన ఊరు అది. అక్కడ పెద్ద గురుద్వారా, అంటే సిక్కుల ప్రార్థనా మందిరం, ఉంది. కందకుర్తి దగ్గర మన నేలలోకి అడుగుపెట్టే గోదావరి, అంతకు ముందు ఆ ఊరిని తాకి వస్తుంది. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అంత దగ్గరది. అయినా "అక్కడికి మనం వెళ్ళొచ్చా? లోపలికి రానిస్తారా? తింటే ఏమీ అనుకోరా?" అని అడిగేవాళ్ళు నాకు ఇప్పటికీ ఎదురవుతుంటారు.

వెళ్ళొచ్చు. ఏ మతమైనా, ఏ కులమైనా, ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా వెళ్ళొచ్చు. ఎవరూ పేరు అడగరు, గోత్రం అడగరు. కాకపోతే పద్ధతి తెలియక తలుపు దగ్గరే తడబడతామేమో అన్న టెన్షన్ ఉంటుంది. మొదటిసారి మా అమ్మను తీసుకెళ్ళినప్పుడు నాకూ ఉంది. ఆ టెన్షన్ మీకు లేకుండా ఉండాలనే, చెప్పులు విడిచే చోటు నుంచి కంచం కడిగే చోటు దాకా వరసగా చెబుతున్నాను. మీ ఊళ్ళో ఉన్న చిన్న గురుద్వారాకైనా, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయానికైనా చాలావరకు ఇదే పద్ధతి.

ఎక్కడికి, ఏ రోజున

మొదటిసారి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, గౌలిగూడ, సికింద్రాబాద్‌లలో గురుద్వారాలు ఉన్నాయి. అత్తాపూర్ వైపు సిఖ్ ఛావనీ అనే పేటే ఉంది. 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంజాబ్ నుంచి నిజాం రాజ్యానికి పంపిన సైనికుల సంతతి అక్కడివాళ్ళు. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగారు కాబట్టి మీరు తెలుగులో మాట్లాడినా తెలుగులోనే జవాబు వస్తుంది. విశాఖలో అయితే సీతమ్మధార దగ్గర ఒక కూడలికి గురుద్వారా జంక్షన్ అనే పేరు స్థిరపడిపోయింది.

ఊళ్ళలోని గురుద్వారాలకు ఆదివారం పొద్దున వెళ్ళడం మేలు. కీర్తన, ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం అందరికీ భోజనం ఉంటుంది. దాన్నే లంగర్ అంటారు. నాందేడ్, అమృత్‌సర్ లాంటి పెద్ద క్షేత్రాల్లో వారం, వర్జ్యం ఏమీ లేదు, ఏ రోజైనా వెళ్ళొచ్చు. అమృత్‌సర్‌లో లంగర్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. మామూలు రోజుల్లో సుమారు 50 వేల మంది, పండగలప్పుడు లక్షకు పైగా తింటారని లెక్క.

గురు నానక్ జయంతి మన కార్తీక పౌర్ణమి నాడే వస్తుంది. మనం ఉపవాసం ఉండి దీపాలు వెలిగించే రోజున వాళ్ళ పొయ్యిలు తెల్లవారుజాము నుంచే రగులుతుంటాయి. ఆ రోజు వెళ్తే సందడంతా చూడొచ్చు గానీ, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆ జనంలో ఏదీ నింపాదిగా అర్థం కాదు. ముందు ఒక మామూలు ఆదివారం వెళ్ళి రండి. పండగకు తర్వాత వెళ్ళండి.

హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకుంటే బీదర్‌లోని నానక్ ఝీరా సాహిబ్ కూడా ఉంది. జహీరాబాద్ మీదుగా రోడ్డు. ఝీరా అంటే ఊట. ఉప్పునీళ్ళతో అల్లాడుతున్న ఆ ఊళ్ళో గురు నానక్ పాదం సోకగానే మంచినీళ్ళు ఊరాయని చెబుతారు. ఆ నీళ్ళు ఇప్పటికీ పారుతున్నాయి, అందరూ తాగుతారు. 1699లో "ధర్మం కోసం తల ఇచ్చేదెవరు?" అని గురు గోబింద్ సింగ్ పిలిస్తే ముందుకొచ్చిన ఐదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్‌ది ఈ బీదరే.

ఇంట్లో బయల్దేరే ముందు

తల కప్పుకోవడం తప్పనిసరి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు అందరూ కప్పుకోవాలి. మగవాళ్ళకు పెద్ద చేతిరుమాలు చాలు. నుదుటి మీదుగా చుట్టి వెనక ముడి వేయాలి. క్రికెట్ టోపీలు, హ్యాట్లు పనికిరావు. గుమ్మం దగ్గర బుట్టలో రుమాళ్ళు పెట్టి ఉంచుతారు, కానీ ఉతికిన గుడ్డ ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్ళడం మంచిది. ఆడవాళ్ళు చున్నీ కప్పుకోవచ్చు. చీర కొంగు కప్పుకుంటే సరిపోతుంది గానీ, పట్టుచీర కొంగు నిలవదు. వంగినప్పుడల్లా జారుతుంది. చెవుల వెనక రెండు పిన్నులు పెట్టుకోండి. లేదంటే దర్శనమంతా కొంగు సర్దుకోవడంతోనే అయిపోతుంది.

బట్టలు మోకాళ్ళ కింద దాకా ఉండాలి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి వీలుగా ఉండాలి. బిగుతు జీన్సుతో అరగంట కూర్చోవడం కష్టం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సిగరెట్లు, గుట్కా, ఖైనీ, మందు ఏవీ జేబులోనైనా ఉండకూడదు. "కాల్చను కదా, ఊరికే ఉంది" అంటే కుదరదు. సిక్కులకు పొగాకు నిషిద్ధం. దాన్ని గురుద్వారా ఆవరణలోకి తేవడమే వాళ్ళ మనసు నొప్పించడం. కారులోనే వదిలేసి రండి. తాగి ఉన్నవాళ్ళు ఆ రోజుకు వెళ్ళడమే మానుకోవాలి.

ఆడపిల్లలు అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది. నెలసరి రోజుల్లో గురుద్వారాకు వెళ్ళకూడదన్న నియమం సిక్కు మతంలో లేదు. మైల, సూతకం అనే భావాన్ని గురు నానకే తన వాణిలో తోసిపుచ్చారు. టికెట్లు బుక్ చేసుకున్నాక తేదీలు కలవలేదని ఏడుపు మొహంతో ఆగిపోయే అవసరం ఇక్కడ లేదు.

చెప్పుల దగ్గర

చెప్పులు దాచే చోటును జోడా ఘర్ అంటారు. మేజోళ్ళు కూడా విప్పేయండి, ఎలాగూ ముందు నీళ్ళలో కాళ్ళు పెట్టాలి. చెప్పులు అందించి టోకెన్ తీసుకోండి. అక్కడ చెప్పులు అందుకునేవాళ్ళను గమనించండి. వాళ్ళు జీతానికి పనిచేసేవాళ్ళని అనుకుంటాం. చాలాసార్లు వాళ్ళు మనలాగే దర్శనానికి వచ్చినవాళ్ళు. వ్యాపారాలు, ఉద్యోగాలు ఉన్నవాళ్ళే రెండు గంటలు అక్కడ నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ చెప్పులు చేతులతో తీసి అరల్లో పెడతారు. చెప్పులు విసిరేయకండి. రెండు చేతులతో ఇవ్వండి.

ఆ పక్కనే చేతులు కడుక్కునే కుళాయిలు ఉంటాయి. పెద్ద గురుద్వారాల్లో గుమ్మం ముందు పాదాలు మునిగేంత నీటి తొట్టి కడతారు, అందులో నుంచి నడిచి వెళ్ళాలి. మన గుడి ముందు కాళ్ళు కడుక్కుని పోయినట్టే. తర్వాత పాలరాయి మీద తడి పాదాలు జారతాయి, పెద్దవాళ్ళ చేయి పట్టుకోండి.

ఆవరణలో ఎత్తైన జెండా కనిపిస్తుంది. అది నిశాన్ సాహిబ్. లోపలికి పోతూ దాని అరుగుకు చాలామంది నుదురు తాకిస్తారు. మీరు చేతులు జోడిస్తే చాలు.

దర్బార్‌లో

లోపల విగ్రహం ఉండదు. చాందినీ కింద, ఎత్తైన పీఠం మీద గురు గ్రంథ్ సాహిబ్ ఉంటుంది. 1430 పుటల గ్రంథం. సిక్కులకు అది జీవించి ఉన్న గురువు. తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని గురు గోబింద్ సింగ్ ప్రకటించింది నాందేడ్‌లోనే. అందుకే తెల్లవారుజామున దాన్ని మేల్కొలిపి తెరుస్తారు, రాత్రి పడక గదికి తీసుకెళ్ళి నిద్రపుచ్చుతారు. సుప్రభాతం, పవళింపు సేవ చూస్తూ పెరిగిన మనకు ఈ మర్యాద వేరుగా వివరించక్కర్లేదు. గ్రంథం వెనక కూర్చుని వింజామర వీచేవాళ్ళను చూస్తే, కొలువైన ప్రభువు ముందుకు వచ్చామని ఎవరికైనా తెలిసిపోతుంది.

నడవాలో నుంచి నెమ్మదిగా ముందుకు వెళ్ళండి. గ్రంథం ముందు మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకు ఆనించి నమస్కరిస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిలబడి చేతులు జోడించినా తప్పు లేదు. ముందున్న హుండీని గోలక్ అంటారు. వేయాలనుకుంటే వేయండి, వేయకపోతే ఎవరూ చూడరు. లేచాక వెంటనే వెనుదిరగకుండా రెండడుగులు వెనక్కి వేసి పక్కకు జరిగి కూర్చోండి. కొన్నిచోట్ల ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు, కొన్నిచోట్ల కలిసే. ముందు కూర్చున్నవాళ్ళను చూసి కూర్చుంటే సరిపోతుంది. కాళ్ళు మాత్రం గ్రంథం వైపు చాపకూడదు.

కీర్తన పాడేవాళ్ళు రాగీలు. హార్మోనియం, తబలా ఉంటాయి. భాష రాదని దిగులుపడకండి. ఆ గ్రంథంలో సిక్కు గురువుల వాణితో పాటు కబీర్, రవిదాస్, షేక్ ఫరీద్ పదాలు ఉన్నాయి. మన పొరుగు మరాఠీ నేల మీద పుట్టిన నామదేవుడి పదాలే 61 ఉన్నాయి. రాగాలూ మనం విన్న రాగాల పక్కింటివే. ఒక పావుగంట కళ్ళు మూసుకుని వినండి. మా అమ్మకు హిందీ ముక్క రాదు. కీర్తన వింటూ ఆమె తాళం వేయడం నేను చూశాను.

మధ్యలో అందరూ లేచి నిలబడితే అర్దాస్ మొదలైందన్నమాట, అంటే ప్రార్థన. మీరూ లేచి చేతులు జోడించి నిలబడండి. "బోలే సో నిహాల్" అని ఒకరు అంటే "సత్ శ్రీ అకాల్" అని అందరూ బదులిస్తారు. మీరు పలకకపోయినా ఫర్వాలేదు. తర్వాత గ్రంథం తెరిచి, కంటపడిన పుటలోని పదాన్ని చదువుతారు. అది ఆ రోజుకు గురువు ఆజ్ఞ, హుకమ్‌నామా. అది చదువుతుండగా లేచి తిరగకండి.

ఫొటోలు, రీల్స్ గురించి ప్రత్యేకంగా చెప్పాలా? దర్బార్ లోపల ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసేయండి. అమృత్‌సర్‌లో కొలను చుట్టూ తిరిగేటప్పుడు ఫొటో తీసుకోనిస్తారు, లోపల ఒప్పుకోరు.

నాందేడ్ వెళ్ళినవాళ్ళకు ఒక మాట. అక్కడి తఖ్త్ సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే ప్రధాన మతపీఠాల్లో, ఒకటి. ఇప్పుడున్న కట్టడాన్ని 1832, 1837 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు, గురువును దహనం చేసిన చోటు అది. గురువు ఆయుధాలు అందులోనే భద్రంగా ఉంటాయి. మన గర్భగుడిలాగే ఆ గదిలోకి పూజారులే వెళ్తారు, మనం బయటి నుంచి దర్శనం చేసుకోవాలి. సాయంత్రం ఆరతి వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికే తిరిగొచ్చేస్తే చాలా పోగొట్టుకున్నట్టు.

చేతిలో కడా ప్రసాదం

గోధుమపిండి, నెయ్యి, పంచదార సమపాళ్ళలో వేసి చేసే హల్వా ఇది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం తిన్నవాళ్ళకు వెంటనే నచ్చుతుంది, కాకపోతే నెయ్యి ఇంకా ఎక్కువ. రెండు చేతులూ దోసిలి పట్టి అందుకోవాలి. ఒంటిచేత్తో తీసుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు "థోడా" అంటే చిటికెడే పెడతారు. కొంచెం తీసుకోండి గానీ వద్దని చేయి అడ్డం పెట్టకండి, కింద పడేయకండి, టిష్యూలో చుట్టి చెత్తబుట్టలో అసలే వేయకండి. తిన్నాక అరచేతికి మిగిలిన నెయ్యిని చేతులకు రాసుకోవడమే అక్కడివాళ్ళ అలవాటు.

బంతిలో కూర్చున్నాక

ఇప్పుడు లంగర్. వాళ్ళు వరసను పంగత్ అంటారు, మనం పంక్తి అంటాం, ఊళ్ళలో బంతి అంటాం. మాటలోనే చుట్టరికం ఉంది. మూడో గురువు అమర్ దాస్ పంజాబ్‌లోని గోయింద్‌వాల్‌లో ఒక నియమం పెట్టారు: ముందు పంగత్, తర్వాతే సంగత్. అంటే నన్ను చూడాలనుకునేవాళ్ళు ముందు అందరితో కలిసి నేల మీద కూర్చుని తిని రావాలని. అక్బర్ చక్రవర్తి వచ్చినా బంతిలో కూర్చుని తిన్నాకే దర్శనం దొరికిందని సిక్కులు చెప్పుకుంటారు. మన పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తుంది. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తినాలని ఆయన పట్టుబట్టాడని మనం కథగా చెప్పుకుంటాం. మన చాపకూడు వీరగాథల్లో మిగిలింది. ఇక్కడ అది ఈ మధ్యాహ్నం కూడా జరుగుతోంది. లంగర్ హాలు గుమ్మంలో నిలబడినప్పుడల్లా నాకు ఈ తేడా మనసులో గుచ్చుకుంటుంది.

లోపలికి పోతుండగానే ఒకరు కంచం, ఒకరు గిన్నె, ఒకరు చెంచా చేతికి ఇస్తారు. తల మీద గుడ్డ ఇక్కడా తీయకూడదు. నేల మీద పొడుగాటి పట్టాలు పరిచి ఉంటాయి. ముందున్న ఖాళీలో కూర్చోండి. మనవాళ్ళంతా ఒక్కచోట కూర్చోవాలని వరస మధ్యలో చోటు ఆపి పెట్టకండి. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళే. మంత్రి వచ్చినా, రిక్షా తొక్కేవాడు వచ్చినా అదే పట్టా, అదే కంచం. బల్లలు, కుర్చీలు వేద్దామని కెనడాలో కొందరు వాదించినప్పుడు, లంగర్ నేల మీదే తినాలని 1998లో సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్ ఆజ్ఞ జారీ చేసింది. నేల అనేది వాళ్ళకు అంత ముఖ్యం. అయితే నిజంగా కింద కూర్చోలేని ముసలివాళ్ళను తీసుకెళ్తే అక్కడ సేవ చేసే సేవాదార్లకు చెప్పండి. చాలాచోట్ల ఏదో ఒక ఏర్పాటు చేసి కూర్చోబెడతారు.

సాధారణంగా పప్పు, ఒక కూర, రొట్టె, అన్నం, ఒక తీపి ఉంటాయి. పప్పు మన ముద్దపప్పులా ఉండదు. మినుములు, శనగపప్పు గంటల తరబడి ఉడికించి చిక్కగా చేస్తారు. ఖీర్ ఉన్న రోజు అదృష్టం. రెండో గురువు భార్య మాతా ఖీవీ నెయ్యి వేసి వండి పెట్టిన ఖీర్ గురించి గురు గ్రంథ్ సాహిబ్‌లోనే రాసి ఉంది. వంట చేసి వడ్డించిన ఒక ఇల్లాలి పేరు పవిత్ర గ్రంథంలోకి ఎక్కడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. అందరూ తినగలగాలని లంగర్‌లో శాకాహారమే వండుతారు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం మామూలుగానే పడతాయి. అవి తిననివాళ్ళు ముందే తెలుసుకోండి.

వడ్డించేవాళ్ళు బకెట్లు, గంపలు పట్టుకుని వరస వెంట చకచకా వస్తారు. రొట్టెను వాళ్ళు రొట్టె అనరు, "ప్రశాదా జీ" అంటారు. ప్రసాదం కాబట్టి రెండు చేతులూ చాపి అందుకోవాలి. కంచంలో వేయించుకోవడం, ఒంటిచేత్తో లాక్కోవడం పద్ధతి కాదు. ఇది మనకు కొత్త. నేను మొదటిసారి కుడిచేయి ఒక్కటే చాపితే, వడ్డించే పెద్దాయన ఏమీ అనకుండా చిరునవ్వుతో ఆగారు. పక్కనున్న చిన్నపిల్ల తన రెండు చేతులూ చాపి చూపించింది. అప్పటి నుంచి మరచిపోలేదు.

చాలనుకుంటే కంచం మీద చేయి అడ్డం పెట్టి "బస్ జీ" అనండి. కావాలంటే ఎన్నిసార్లైనా అడగండి, విసుక్కోరు. కానీ పెట్టించుకున్నది వదిలేయకూడదు. మన పెళ్ళి భోజనాల అలవాటుతో అన్నీ వేయించుకుని సగం వదిలేయడం ఇక్కడ చాలా తప్పు. ముందు కొంచెమే పెట్టించుకోండి. పిల్లలకు వేరే కంచం తీసుకోకుండా మీ కంచంలోంచే పెట్టినా ఏమీ అనుకోరు. పెరుగు లేదా, ఆవకాయ ఉందా అని అడగకండి. ఆ రోజు వండినదే అందరికీ.

అన్నం కోసం చూస్తూ రొట్టె వద్దనకండి, కొన్నిచోట్ల అన్నం చివర్లో వస్తుంది, కొన్ని రోజుల్లో ఉండదు కూడా. వరసలో వాళ్ళందరూ తినడం ముగించేదాకా కాస్త ఆగి లేవండి. తర్వాతి బంతి బయట ఎదురుచూస్తుంటుంది కాబట్టి కూర్చుని కబుర్లు వద్దు. కంచం మీరే తీసుకెళ్ళి కడిగేచోట రెండు చేతులతో ఇవ్వాలి.

ఎంగిలి కంచాల దగ్గర

చాలామంది ఇక్కడి నుంచే బయటికి వచ్చేస్తారు. నన్నడిగితే గురుద్వారా దర్శనంలో అసలు ఘట్టం ఇక్కడే మొదలవుతుంది.

అన్నదానం మనకు కొత్త కాదు. మన క్షేత్రాలన్నిటిలో అన్నదాన సత్రాలు ఉన్నాయి, మహా శ్రద్ధగా పెడతారు. కానీ ఎంగిలి విషయానికి వచ్చేసరికి మన చేతులు వెనక్కి పోతాయి. మన ఇంటి పెళ్ళిలో వడ్డించడానికి చుట్టాలందరూ నడుం బిగిస్తారు. ఎంగిలాకులు ఎత్తడానికి ఎవరు వస్తారో, తరతరాలుగా ఎవరి చేత ఎత్తించామో మనందరికీ తెలుసు. లంగర్‌లో ఆ పనికే ఎక్కువ మంది ఎగబడతారు. ఎవరి ఎంగిలో తెలియని కంచాన్ని కడగడం వాళ్ళకు సేవల్లోకెల్లా పెద్ద సేవ.

మా అమ్మ మడి పాటించిన ఇంట్లో పెరిగింది. నాందేడ్‌లో తిని లేచాక, కడిగేచోట తొట్ల ముందు నిలబడ్డ ఆడవాళ్ళను చూస్తూ ఆగిపోయింది. "ఎవరెవరివో ఎంగిలి కంచాలు కదే, వీళ్ళు డబ్బున్నవాళ్ళలా ఉన్నారు" అంది మెల్లగా. ఒకావిడ చేతి బంగారు గాజులు మోచేతి మీదికి తోసుకుని కంచాలు తోముతోంది. అమ్మ కాసేపు చూసి, కొంగు నడుముకు దోపి, నన్ను అడగకుండానే ఆవిడ పక్కన చేరింది. ఆవిడ జరిగి చోటిచ్చింది. ఇద్దరికీ ఒక్క మాటా కలవదు. గంటసేపు ఒకావిడ తోమింది, ఒకావిడ కడిగింది. రైలు ఎక్కాక అమ్మ తన చేతులు చూసుకుని "మా అమ్మ చూస్తే ఏమనేదో" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీరూ చేయాలనుకుంటే చాలా సులువు. ఎవరి దగ్గరైనా "సేవా కర్ సక్తే హై జీ?" అని అడగండి, పని చూపిస్తారు. కంచాలు కడిగేచోట పని వరసగా సాగుతుంది: మొదట మిగిలిన మెతుకులు దులుపుతారు, తర్వాత సబ్బునీళ్ళు, ఆ తర్వాత ఒకదాని తర్వాత ఒకటిగా మంచినీళ్ళ తొట్లు. ఏ తొట్టి దగ్గర నిలబడితే ఆ పనే చేయండి. అమృత్‌సర్‌లో ఈ కంచాల చప్పుడు లంగర్ హాలుకు ఎంతో దూరం నుంచే వినిపిస్తుంది, వాన పడుతున్నట్టు ఆగకుండా.

నీళ్ళలో నిలబడలేనివాళ్ళు వెల్లుల్లి ఒలవచ్చు, బఠాణీలు గింజ తీయొచ్చు, రొట్టెలు ఒత్తొచ్చు. రొట్టె గుండ్రంగా రాకపోతే సిగ్గుపడకండి, ఏ దేశం పటంలా వచ్చినా పెనం మీద కాల్చేస్తారు. పెద్ద క్షేత్రాల్లో యంత్రాలు కూడా రొట్టెలు చేస్తాయి గానీ, చేత్తో ఒత్తే ఆడవాళ్ళ గుంపు ఎప్పుడూ ఉంటుంది. పప్పు ఉడికే గంగాళాలు మనిషి లోపల దిగి కడిగేంత పెద్దవి. పొయ్యిల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

వంటింట్లో మూడు గుర్తుంచుకోండి: చేతులు కడుక్కోవాలి, తల కప్పుకోవాలి, రుచి చూడకూడదు. మనం మహానైవేద్యం వండేటప్పుడు రుచి చూడం కదా, అలాగే. అర్దాస్ చేసి గురువుకు నివేదించాకే వడ్డన మొదలవుతుంది. పని చేస్తూ సెల్ఫీలు తీసుకోవడం, ఎదుటివాళ్ళు తోముతుంటే వీడియో తీయడం వద్దు. వాళ్ళు చూపించుకోవడానికి చేయడం లేదు. పదినిమిషాలు చేసినా చాలు. అలసట రాకముందే మానేసినా ఎవరూ ఏమీ అనరు.

డబ్బు సంగతి

లంగర్‌కు బిల్లు లేదు, టికెట్ లేదు, వీఐపీ వరస లేదు. సంపాదనలో పదో వంతు ధర్మానికి ఇవ్వాలని సిక్కులు పాటించే దస్వంధ్‌తో, చుట్టుపక్కల రైతులు తెచ్చి పోసే ధాన్యంతో ఇదంతా నడుస్తుంది. ఇవ్వాలనిపిస్తే గోలక్‌లో వేయండి, లేదా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. బయట రసీదు పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్ళకు ఇవ్వకండి. పప్పు, బియ్యం, గోధుమపిండి, పంచదార, నెయ్యి లాంటివి తీసుకెళ్తే వంటశాలలో సంతోషంగా తీసుకుంటారు. ఇంట్లో వండినవి మాత్రం పట్టుకెళ్ళొద్దు. పిల్లల పుట్టినరోజుకు ఒక బియ్యం బస్తా ఇచ్చి, ఆ పూట అక్కడే వడ్డించి రావడం మా ఇంట్లో ఇప్పుడు అలవాటైంది.

రాత్రి ఉండాలంటే నాందేడ్‌లో, అమృత్‌సర్‌లో యాత్రికుల కోసం సరాయిలు ఉన్నాయి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. పండగ రోజుల్లో గది దొరకడం కష్టం.

చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలకు

కెనడాలో, బ్రిటన్‌లో, అమెరికాలో చదువుకునే మన తెలుగు పిల్లలు చాలామంది చేతిలో డబ్బు అయిపోయిన వారాల్లో గురుద్వారాకు వెళ్ళి తింటారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ మాట దాచిపెడతారు. నాన్నా, అమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆకలితో వచ్చినవాడిని "నువ్వు సిక్కువా?" అని అడగకూడదన్నదే లంగర్ ధర్మం. కడుపునిండా తినండి. తిన్నాక ఒక అరగంట కంచాల దగ్గర నిలబడండి. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి, అక్కడ మీకు అన్నం పెట్టే చోటు ఒకటి ఉందని తెలిస్తే వాళ్ళకు రాత్రి నిద్ర పడుతుంది. అక్కడి అన్నం డబ్బాలో కట్టుకుని పోవడం మాత్రం అడగకుండా చేయకండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే సేవాదార్లకు ఆ సంగతి చెప్పి అడగండి.

తిరిగి బయల్దేరేటప్పుడు

దర్బార్‌కు ఇంకోసారి వెళ్ళి నమస్కరించి బయల్దేరడం బాగుంటుంది. ఎవరైనా "వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే" అని పలకరిస్తే, చేతులు జోడించి "సత్ శ్రీ అకాల్" అన్నా చాలు. గుమ్మం దగ్గర తీసుకున్న రుమాలు ముడి విప్పి, మడిచి, మళ్ళీ ఆ బుట్టలోనే పెట్టండి. జోడా ఘర్‌లో టోకెన్ ఇవ్వండి. చెప్పులు తెచ్చిచ్చే ముందు వాళ్ళు వాటి మీది దుమ్మును గుడ్డతో తుడుస్తారు. మొదటిసారి మా అమ్మ "అయ్యో, వద్దు బాబూ" అని చేయి పట్టుకుంది. ఆ అబ్బాయి "మాతాజీ" అని మాత్రం అని, రెండో చెప్పు కూడా తుడిచి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు.